అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఒక సైనికుడి పటాలాన్ని కనుక్కోవడం ఎలా: రెజిమెంట్లు, మిలీషియాల మీద సమగ్ర మార్గదర్శి

న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్న ఓక్ ట్రీ రోడ్డు అమెరికా తెలుగువాళ్లలో చాలామందికి పరిచయమే. చీరల షాపులు, స్వీట్ షాపులు, శనివారం వస్తే కారు పెట్టుకోవడానికి చోటు దొరకని రోడ్డు. ఆ చుట్టుపక్కలే 1777 జూన్ 26న షార్ట్ హిల్స్ యుద్ధం జరిగింది. అమెరికా వైపు లార్డ్ స్టర్లింగ్ డివిజన్ నిలబడితే, దాని మీదికి వచ్చిన బ్రిటిష్ దండును కార్న్‌వాలిస్ నడిపించాడు. 1792లో శ్రీరంగపట్నం దగ్గర టిప్పు సుల్తాన్‌ని సంధికి ఒప్పించింది ఈ కార్న్‌వాలిసే. బెంగాల్లో ఆయన పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతే 1802 తర్వాత మన ఉత్తర సర్కారులకూ వచ్చింది. కాబట్టి ఈ యుద్ధం మనకి పూర్తిగా పరాయిది కాదు.

2026తో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకి 250 ఏళ్లు. మీ ఊరి సైనికుడు ఒకరి గురించి రాసుకురమ్మని బడిలో ప్రాజెక్టులు ఇస్తారు. పిల్లలు సమాధి రాయి మీద పేరు చూసి వస్తారు, నెట్‌లో కొడితే అదే పేరుతో పదిమంది తేలతారు, ఇక ఇంట్లో టెన్షన్ మొదలు. చాలామంది రెజిమెంట్ (కర్నల్ నడిపే దళం; అందులో కెప్టెన్లు నడిపే చిన్న కంపెనీలు ఉంటాయి) నంబరు కోసం వెతుకుతారు. నా సలహా వేరు: ముందు ఆ మనిషి ఎన్నాళ్లకి చేరాడో కనుక్కోండి. ఈ యుద్ధంలో గడువు తెలిస్తే దళం దొరుకుతుంది. గడువు తెలియకుండా నంబరు పట్టుకుంటే తప్పు మనిషి దగ్గర తేలతారు.

మొదటి మెట్టు: ఏ రకం సైనికుడో తేల్చండి

అమెరికా వైపు పోరాడినవాళ్లు ప్రధానంగా మూడు రకాలు.

మొదటిది మిలీషియా. ఇది ఊరి దళం. మసాచుసెట్స్‌లో 16 నుంచి 60 ఏళ్ల మగవాళ్లలో ఎక్కువమంది పేర్లు ఈ పట్టీలో ఉండేవి. సొంత తుపాకీ, సొంత బట్టలు. పిలుపు వస్తే వెళ్లడం, పని అయ్యాక పొలానికి తిరిగి రావడం. వీళ్లలో నాలుగో వంతు మందిని క్షణాల్లో బయల్దేరేలా సిద్ధంగా ఉంచమని 1774 చివర్లో అక్కడి ప్రాంతీయ సభ చెప్పింది. వాళ్లే మినిట్‌మెన్. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్ మైదానంలో కెప్టెన్ జాన్ పార్కర్ వెంట నిలబడిన సుమారు 77 మందిని అందరూ మినిట్‌మెన్ అనే రాస్తారు. నిజానికి అది ఊరి మామూలు మిలీషియా కంపెనీ. ఆ రోజు అక్కడ ఎనిమిది మంది చనిపోయారు. వాళ్ల గురించి రాసేటప్పుడు మాట సరిగ్గా వాడడం మనం వాళ్లకి ఇవ్వాల్సిన కనీస మర్యాద.

రెండోది కాంటినెంటల్ సైన్యం. 1775 జూన్ 14న కాంగ్రెస్, అంటే తిరగబడిన వలసల ప్రతినిధుల సభ, దీన్ని ఏర్పాటు చేసింది. పెన్సిల్వేనియా నుంచి ఆరు, మేరీల్యాండ్, వర్జీనియాల నుంచి రెండేసి చొప్పున పది రైఫిల్ కంపెనీలను ఆ రోజే మంజూరు చేసింది. మర్నాడు జార్జ్ వాషింగ్టన్‌ని సేనానిగా ఎంచుకుంది. సిపాయి జీతం నెలకి ఆరు డాలర్లు, ఆపైన ఇంకో డాలర్లో మూడింట రెండు వంతులు.

మూడోది చాలామంది వదిలేసేది: రాష్ట్ర దళాలు. మిలీషియా కంటే ఎక్కువ కాలం, ఆరు నెలలో ఏడాదో, రాష్ట్రం జీతం మీద పనిచేసినవాళ్లు. కాంటినెంటల్ పట్టీల్లో పేరు లేదు, మిలీషియా పట్టీల్లోనూ లేదు అంటే నేను ముందు ఇక్కడే వెతుకుతాను.

మనిషి ఏ రకమో తేల్చడానికి మూడు ప్రశ్నలు చాలు. జీతం ఎవరిచ్చారు? ఎన్నాళ్లకి చేరాడు? సొంత రాష్ట్రం దాటి వెళ్లాడా?

రెండో మెట్టు: గడువు

ఇక్కడ కాస్త ఓపికగా ఉండాలి, ఎందుకంటే అసలు కీలకం ఇదే.

1775లో బోస్టన్ చుట్టూ కూడిన న్యూ ఇంగ్లండ్ (అమెరికా ఈశాన్య రాష్ట్రాల) సైన్యం ఆ ఏడాది చివరిదాకా అని చేరింది. ఏడాది ముగియగానే చాలామంది ఇంటికెళ్లిపోయారు. 1776 జనవరి 1న వాషింగ్టన్ సైన్యాన్ని మళ్లీ కూర్చాడు. ఈసారి రాష్ట్రాల పేర్లు తీసేసి, 1 నుంచి 27 వరకు కాంటినెంటల్ రెజిమెంట్లని నంబర్లు ఇచ్చాడు. వీటికీ ఏడాదే గడువు. మసాచుసెట్స్ మార్బుల్‌హెడ్ జాలర్లతో నిండిన జాన్ గ్లోవర్ రెజిమెంటే 14వ కాంటినెంటల్. 1776 క్రిస్మస్ రాత్రి మంచు గడ్డల మధ్య డెలావేర్ నది దాటించి వాషింగ్టన్ సేనని ట్రెంటన్ చేర్చింది వాళ్ల చేతులే. కొద్ది రోజుల్లో గడువు తీరింది, చాలామంది ఇళ్లకి వెళ్లిపోయారు. ఇంకో ఆరు వారాలు ఉండండి, పది డాలర్లిస్తాను అని వాషింగ్టన్ మిగతా రెజిమెంట్ల ముందు నిలబడి అడగాల్సి వచ్చింది. ఇందులో వాళ్ల పిరికితనం ఏమీ లేదు. ఒప్పుకున్న మాట వాళ్లు నిలబెట్టుకున్నారు.

ఈ అనుభవంతోనే కాంగ్రెస్ 1776 సెప్టెంబర్ 16న 88 బెటాలియన్లు (అంటే దాదాపు రెజిమెంట్లే) కావాలని తీర్మానించి, ఏ రాష్ట్రం ఎన్ని ఇవ్వాలో పంచింది. మసాచుసెట్స్, వర్జీనియాలకి 15 చొప్పున, పెన్సిల్వేనియాకి 12, నార్త్ కరోలినాకి 9, న్యూజెర్సీకి 4, చిన్న డెలావేర్‌కి ఒకటి. యుద్ధం ముగిసేదాకా ఉంటానన్న సిపాయికి 20 డాలర్లు, 100 ఎకరాల భూమి. తర్వాత మూడేళ్లకి చేరే వీలు కూడా కల్పించారు.

ఆ రెండు మాటలు కలిసి పెద్ద గొడవకే దారితీశాయి. మూడేళ్లు లేదా యుద్ధం ముగిసేదాకా అని కాగితాల్లో ఉంటే, ఏది ముందైతే అది అని సిపాయిలు అర్థం చేసుకున్నారు, ఏది ఆలస్యమైతే అది అని అధికారులు అన్నారు. 1781 జనవరి 1న మోరిస్‌టౌన్ శిబిరంలో పెన్సిల్వేనియా దళాలు తిరగబడ్డాయి. జీతం బాకీ, బట్టల్లేవు, మూడేళ్లూ నిండిపోయాయి. వాళ్లని తన వైపు తిప్పుకోవాలని బ్రిటిష్ సేనాని క్లింటన్ దూతల్ని పంపితే, సిపాయిలు వాళ్లని తమ అధికారులకే అప్పగించారు. దూతల్ని ఉరితీశారు. తర్వాత జరిగిన ఒప్పందంలో వెయ్యి మందికి పైగా సిపాయిలకి విడుదల దొరికింది. మీరు వెతుకుతున్న పెన్సిల్వేనియా సిపాయి రికార్డు 1781 జనవరిలో ఆగిపోతే, అతను చనిపోయాడనో పారిపోయాడనో అనుకోకండి. ముందు ఈ సంగతి గుర్తు చేసుకోండి.

మిలీషియా గడువు లెక్క ఇంకో రకం. పెన్సిల్వేనియా 1777 మార్చి చట్టాన్నే చూడండి. 18 నుంచి 53 ఏళ్ల వాళ్లందరినీ కౌంటీ బెటాలియన్లలో చేర్చి, ప్రతి కంపెనీనీ ఎనిమిది తరగతులుగా విడగొట్టారు. పిలుపు వస్తే మొదటి తరగతి రెండు నెలలు వెళ్తుంది, తర్వాత రెండోది. అలా వంతుల వారీగా. వెళ్లలేనివాడు తన బదులు మనిషిని పంపొచ్చు. దీనివల్ల మనకి వచ్చే చిక్కు ఏమిటంటే, యుద్ధానికి వెళ్లిన దళంలో పక్కపక్కన నిలబడ్డవాళ్లు వేర్వేరు కంపెనీల నుంచి ఒకే తరగతిగా వచ్చినవాళ్లు. కాబట్టి ఇంటి దగ్గర ఉండే కంపెనీ కెప్టెన్ వేరు, రణంలో నడిపించిన కెప్టెన్ వేరు. ఒకే మనిషికి రెండు కెప్టెన్ల పేర్లు కనిపిస్తే రెండూ నిజం కావొచ్చు.

మూడో మెట్టు: ఏడాదితో కలిపి నంబరు చదవండి

ఏడాది లేని రెజిమెంట్ నంబరుకి అర్థం లేదు. 14వ కాంటినెంటల్ ఉన్నది 1776లోనే. 1777లో వచ్చిన 14వ మసాచుసెట్స్‌తో దానికి సంబంధం లేదు. వర్జీనియా దళాల్ని 1778లో కలిపేసి నంబర్లు మార్చారు. కర్నల్ డేనియల్ మోర్గన్ నడిపిన 11వ వర్జీనియా అప్పుడు 7వది అయింది. అంటే 1777లో 7వ వర్జీనియా సిపాయి, 1779లో 7వ వర్జీనియా సిపాయి వేర్వేరు రెజిమెంట్ల మనుషులు. 1781 జనవరిలో మళ్లీ కోత పడింది, రెజిమెంట్లు బాగా తగ్గాయి.

అందుకే నంబరు కంటే కర్నల్ పేరు నమ్మదగింది. ఆ రోజుల్లో సిపాయిలు కూడా తమ రెజిమెంటుని కర్నల్ పేరుతోనే చెప్పుకునేవాళ్లు. కర్నల్ కంటే గట్టి ఆనవాలు కెప్టెన్. కంపెనీ సాధారణంగా ఒకే ఊరి నుంచో చుట్టుపక్కల ఊళ్ల నుంచో కూడేది. కెప్టెన్ ఊరు తెలిస్తే మీ సైనికుడి ఊరు దాదాపు తెలిసినట్టే. సమాధి రాయి మీది కెప్టెన్ అన్న మాటని మాత్రం వెంటనే నమ్మొద్దు. యుద్ధం అయ్యాక ఎప్పుడో ఊరి మిలీషియాలో వచ్చిన హోదా కూడా రాళ్లకి ఎక్కేది.

నాలుగో మెట్టు: హాజరు పట్టీలు

ఉపాధి హామీ పనుల్లో మస్టర్ ఎలాగో వీళ్లకీ అలాగే. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరికి ఎంత ఇవ్వాలి అన్నది అందులో ఉంటుంది. ఇప్పుడు నెట్‌లో మీకు కనిపించే చిన్న కార్డులు అసలు పట్టీలు కావు. అమెరికా యుద్ధ శాఖ గుమాస్తాలు వందేళ్ల తర్వాత, పందొమ్మిదో శతాబ్దం చివర్లో, మిగిలిన కాగితాల నుంచి ఒక్కో పేరుకీ ఎత్తి రాసినవి. మిగిలిన కాగితాలు అని ఎందుకంటున్నానంటే, 1800 నవంబర్ 8న వాషింగ్టన్ నగరంలోని యుద్ధ శాఖ కార్యాలయం తగలబడి పాతవి చాలా పోయాయి. 1814లో బ్రిటిష్ సేనలు నగరాన్ని కాల్చినప్పుడు ఇంకొన్ని పోయాయి. కార్డు దొరకలేదంటే ఆ మనిషి పోరాడలేదని కాదు. ఈ ఒక్క మాట పిల్లలకి తప్పకుండా చెప్పండి.

కార్డు మీద పేరు కింద ఉండే చిన్న రాతలోనే అసలు కథ ఉంటుంది. ఆన్ కమాండ్ అని ఉంటే అతను అధికారి అని కాదు, వేరే పని మీద బయటికి పంపారని. ఫర్లో అంటే సెలవు. మాట్రాస్ అంటే ఫిరంగి దళంలో మామూలు సిపాయి. ఆస్పత్రి పేరు ఉంటే ఆ నెల జరిగిన యుద్ధంలో అతను లేకపోయి ఉండొచ్చు. డిజర్టెడ్ అని ఉంటే తర్వాతి నెలల కార్డులు కూడా చూడండి. కోతలకో, జబ్బున్న ఇంటివాళ్ల కోసమో వెళ్లి తిరిగొచ్చినవాళ్ల పేర్లు మళ్లీ కనిపిస్తాయి.

పేర్ల రాత ఒక్కో గుమాస్తాది ఒక్కో తీరు. పలికినట్టు రాసేవాళ్లు, అందుకే నాలుగైదు రకాలుగా వెతకాలి. నల్లజాతి సిపాయిల విషయంలో ఇంకా జాగ్రత్త. ఇంటిపేరు లేకుండా సీజర్ అనో కఫ్ అనో ఒక్క మాటే ఉంటుంది, లేదా స్వేచ్ఛ పొందాక పెట్టుకున్న ఫ్రీమన్ లాంటి పేరు. 1778లో రోడ్ ఐలాండ్ రాష్ట్రం బానిసలకి స్వేచ్ఛ ఇస్తామని చెప్పి 1వ రోడ్ ఐలాండ్ రెజిమెంట్‌లో చేర్చుకుంది. ఆ ఆగస్టు 29న రోడ్ ఐలాండ్ యుద్ధంలో వాళ్లు నిలబడి పోరాడారు. అంతకుముందే, 1775 నవంబర్‌లో, వర్జీనియా బ్రిటిష్ గవర్నర్ డన్‌మోర్ తిరుగుబాటుదారుల బానిసలకి అదే మాట ఇచ్చి తన వైపు ఒక రెజిమెంట్ కట్టాడు. స్వేచ్ఛ కోసం కొందరు అటు వెళ్లారు, కొందరు ఇటు. అందుకని రెండు వైపుల పట్టీలూ చూడాలి.

కాంటినెంటల్ రికార్డులు అమెరికా జాతీయ అభిలేఖాగారంలో (నేషనల్ ఆర్కైవ్స్) ఉన్నాయి, వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. వంశవృక్షాలు వెతికే ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో కూడా ఉచితమే. మిలీషియా కాగితాలు మాత్రం ఎక్కువగా రాష్ట్రాల దగ్గర ఉంటాయి. న్యూజెర్సీ వాళ్లయితే ట్రెంటన్‌లోని రాష్ట్ర అభిలేఖాగారానికి రాయండి.

అయిదో మెట్టు: పింఛను ఫైలు

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. ఈ ఫైళ్లు దాదాపు 80,000 ఉన్నాయి. వీటిలో మనుషులు సొంత గొంతుతో మాట్లాడతారు.

1818 చట్టం ప్రకారం కాంటినెంటల్ సైన్యంలో కనీసం తొమ్మిది నెలలు చేసి, అప్పటికి పేదరికంలో ఉన్నవాళ్లకే పింఛను. 1820లో ఆస్తుల జాబితా కూడా ఇమ్మన్నారు. ఆవు ఒకటి, కుర్చీలు ఇన్ని, అప్పు ఇంత అంటూ ముసలివాళ్లు ఇచ్చిన ఆ జాబితాలు చదువుతుంటే గొంతు పట్టేస్తుంది. మిలీషియా వాళ్లకి తలుపు తెరుచుకుంది 1832లో. ఆరు నెలలు చేస్తే కొంత, రెండేళ్లు చేస్తే పూర్తి పింఛను. పేదరికం రుజువు చేయనక్కర్లేదు. కానీ కోర్టులో జడ్జి ముందు నిలబడి కథంతా చెప్పాలి. ఎక్కడ పుట్టావు, వయసుకి రుజువేమిటి, పిలుపు వచ్చినప్పుడు ఎక్కడున్నావు, ఇష్టపడి వెళ్లావా, వంతు పడి వెళ్లావా, ఇంకొకరి బదులు వెళ్లావా, ఏ అధికారుల్ని చూశావు, విడుదల కాగితం ఉందా, నిన్నెరిగినవాళ్లెవరు. మనకి కావాల్సిన ప్రశ్నలన్నీ ఆ జడ్జి అడిగేశాడు.

ఫైలు నంబరు ముందు ఎస్ ఉంటే సిపాయి స్వయంగా పింఛను పొందాడు, డబ్ల్యూ ఉంటే భార్యకి వచ్చింది, ఆర్ ఉంటే తిరస్కరించారు. తిరస్కరించినవి వదిలేయకండి. ఆరు నెలలకి కొన్ని రోజులు తక్కువైనా, సాక్షులు చనిపోయినా దరఖాస్తు కొట్టేసేవాళ్లు, మనిషి అబద్ధం చెప్పాడని కాదు. భార్యల ఫైళ్లలో పెళ్లి రుజువు కోసం ఇంటి బైబిల్ నుంచి చించి పంపిన పేజీలు అలాగే ఉన్నాయి, పిల్లల పుట్టినరోజులతో సహా.

ఒక జాగ్రత్త. 1832 నాటికి యుద్ధం ముగిసి యాభై ఏళ్లు. ముసలివాళ్లు ఏళ్లు తారుమారు చేస్తారు గానీ ఎవరి కింద చేశారో, ఏ వాగు దాటారో మర్చిపోరు. అమెరికా సేనాని గేట్స్ వెంట సౌత్ కరోలినాలోని క్యామ్డెన్ యుద్ధానికి వెళ్లాను అంటే, అతను ఏ ఏడాది చెప్పినా అది 1780 ఆగస్టే.

ఆరో మెట్టు: దళం పేరు చూసి ధైర్యాన్ని కొలవొద్దు

మిలీషియా పారిపోయింది, కాంటినెంటల్ నిలబడింది అని చాలాచోట్ల చదువుతాం. క్యామ్డెన్‌లో, 1780 ఆగస్టు 16న, అదే జరిగింది. వర్జీనియా, నార్త్ కరోలినా మిలీషియాలు పారిపోయాయి. మేరీల్యాండ్, డెలావేర్ సిపాయిలు చివరిదాకా నిలిచారు, వాళ్లని నడిపిన డి కాల్బ్ ఒంటినిండా గాయాలతో చనిపోయాడు. కానీ మిలీషియాని బహిరంగ మైదానంలో బ్రిటిష్ బాయ్‌నెట్లకి (తుపాకీ చివర బాకులకి) ఎదురుగా నిలబెట్టింది గేట్స్.

అయిదు నెలల తర్వాత, 1781 జనవరి 17న, సౌత్ కరోలినాలోనే కౌపెన్స్‌లో, అమెరికా సేనని నడిపిన మోర్గన్ తన మనుషుల్ని అర్థం చేసుకుని వ్యూహం పన్నాడు. ముందు గురిగాళ్లు, వాళ్ల వెనక ఆండ్రూ పికెన్స్ మిలీషియా. రెండు మూడు సార్లు కాల్చి వెనక్కి వచ్చేయండి, అంతకంటే అడగను అన్నాడు. మూడో వరసలో మేరీల్యాండ్, డెలావేర్ కాంటినెంటల్స్. మిలీషియా వెనక్కి రావడం చూసి పారిపోతున్నారనుకుని బ్రిటిష్ అధికారి టార్ల్‌టన్ సేన దూసుకొచ్చి మూడో వరస ముందు చిక్కుకుంది. బ్రిటిష్ వాళ్లు ఎనిమిది వందల మందికి పైగా నష్టపోయారు. ఆ మూడో వరసలో వర్జీనియా మిలీషియా కూడా ఉంది. వాళ్లలో చాలామంది గడువు తీరిన పాత కాంటినెంటల్ సిపాయిలే. మీ సైనికుడి పేరు పక్కన మిలీషియా అని ఉంటే, అంతకుముందు ఏళ్ల రికార్డులు కూడా తీయమనేది ఇందుకే.

ఏడో మెట్టు: అవతలి వైపు

పేర్లు మోసం చేస్తాయి. న్యూజెర్సీ వాలంటీర్స్ అనగానే అమెరికా దళం అనుకుంటాం. అది రాజు పక్షాన పోరాడిన స్థానికుల దళం. క్వీన్స్ రేంజర్స్, టార్ల్‌టన్ నడిపిన బ్రిటిష్ లీజియన్ కూడా అమెరికాలో సమీకరించినవే. రాయల్ డ్యూ పాన్ మాత్రం ఫ్రెంచి సేనాని రోషాంబో వెంట వచ్చిన ఫ్రెంచి రెజిమెంట్, అమెరికా వైపు. రాజు పక్షం స్థానిక దళాల పట్టీలు చాలావరకు ఒట్టావాలోని కెనడా గ్రంథాలయ, అభిలేఖాగారంలో ఉన్నాయి.

బ్రిటిష్ సైన్యం రెజిమెంట్లకి నంబర్లు స్థిరంగా ఉన్నట్టు కనిపిస్తాయి గానీ, మన దేశంతో ముడిపడిన ఒక చిక్కు ఉంది. కౌపెన్స్‌లో ఓడిన 71వ రెజిమెంట్ ఫ్రేజర్ హైలాండర్లు (స్కాట్లాండ్ కొండ ప్రాంతం వాళ్ల దళం). యుద్ధం తర్వాత దాన్ని రద్దు చేశారు. 1780 నుంచి మద్రాసు వైపు హైదర్ అలీతో పోరాడుతున్న 73వ రెజిమెంట్, మెక్లియడ్ హైలాండర్లు, 1786లో 71వదిగా మారింది. 1791లో బెంగళూరు, 1792లో శ్రీరంగపట్నం దగ్గర ఉన్న 71వది ఇదే. నంబరు చూసి కౌపెన్స్ సిపాయిలే మైసూరు వచ్చారని రాస్తే తప్పు. 52వ రెజిమెంట్ మాత్రం 1775లో బోస్టన్ దగ్గరి బంకర్ హిల్ యుద్ధంలోనూ, తర్వాత మైసూరు యుద్ధాల్లోనూ నిజంగానే ఉంది.

చివరగా, ప్రాజెక్టు కాగితం మీద ఎలా రాయాలి

ఒక్క రెజిమెంట్ పేరు రాసి వదిలేయకండి. వరసగా కాలాలు రాయండి. జోసెఫ్ ప్లమ్ మార్టిన్ అనే కనెక్టికట్ కుర్రాడినే తీసుకోండి. 1776 వేసవిలో, పదిహేనేళ్ల వయసులో, ఆరు నెలల గడువుకి రాష్ట్ర దళంలో చేరాడు. డిసెంబర్‌లో ఇంటికొచ్చాడు. 1777లో ఊళ్లోవాళ్లని గుంపులుగా చేసి గుంపుకి ఒక మనిషిని ఇమ్మంటే, ఒక గుంపు డబ్బిచ్చి ఇతన్ని తమ తరఫున పంపింది. ఈసారి యుద్ధాంతం దాకా, 8వ కనెక్టికట్‌లో. 1780లో సాపర్స్ అండ్ మైనర్స్‌కి (కందకాలు తవ్వే దళానికి) మారి, 1781 అక్టోబర్‌లో యార్క్‌టౌన్ కందకాల దగ్గర ఉన్నాడు. ముసలితనంలో ఏడాదికి 96 డాలర్ల పింఛను.

మీ సైనికుడికీ ఇలాగే ఒక పట్టిక గీయండి: ఎప్పటి నుంచి ఎప్పటిదాకా, ఎంత గడువుకి, కెప్టెన్ ఎవరు, కర్నల్ ఎవరు, జీతం ఎవరిచ్చారు, ఇది ఏ కాగితంలో చూశారు. ఒక యుద్ధంలో ఉన్నాడని రాసే ముందు ఆ నెల కార్డు చూడండి. రెజిమెంట్ ఆ యుద్ధంలో ఉన్నంత మాత్రాన అతను ఉన్నాడని రాయొద్దు. కాగితం దొరకని నెలల గడి ఖాళీగా వదిలేసి, పక్కన పెన్సిల్‌తో ఇంకా ఎక్కడ వెతకాలో రాసుకోండి.